ఆపిలు గుజ్జు

శ్రావణ మాసం వచ్చేసరికి మా బెంగుళూరు తోపుడుబండ్ల మీద సిమ్లా ఆపిళ్లు దర్శనమిస్తాయి. ఇక్కడివారు సేబు అంటారు. శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికా దొర 1916 ప్రాంతంలో ఆ కొండలలోని కోట్‌గఢ్‌లో డెలీషస్ జాతి మొక్కలు నాటాడు గనుకనే మనకీ ఎర్రపండ్లు. మేలురకం ధర గుమాస్తా జీతానికి అందదు. అయితే సాయంత్రం ఆఫీసు వదిలే వేళకు, బండివాడు పక్కకు నెట్టిన దెబ్బకాయలు, మెత్తబడినవి చవుకగా దొరుకుతాయి. గుజ్జుకు అవే చాలు.

ఇది ముఖ్యంగా పండ్లూడిన పెద్దలకోసం చెబుతున్నాము. నమలలేకపోతున్నామని కొడుకుతో, కోడలితో చెప్పుకోవటం వారికి చిన్నతనం. అందుచేత “నాకు సహించదు, పిల్లలకు పెట్టండి” అంటారు. మా తండ్రిగారూ అంతే. ఒకనాడు అడక్కుండా గిన్నెలో గుజ్జు వేసి, చెమ్చాతో సహా ముందు పెట్టాము. మాట్లాడకుండా పుచ్చుకొని, గిన్నె తామే కడిగిపెట్టారు.

ఒక కిలో కాయలు గోరువెచ్చని నీళ్లలో రుద్ది కడగండి. పైన మైనం పూత ఉంటుంది. దెబ్బ తగిలిన మేర కోసివేస్తే చాలును గాని, బూజు పట్టిన కాయను మొత్తం పారవేయవలసిందే. దాని విషం మచ్చను దాటి లోపలికి పాకుతుంది. గింజలు, నడిమి బొడ్డు తీసివేయండి. తొక్క మాత్రం ఉంచండి. గుజ్జును చిక్కబరిచే పెక్టిన్ అక్కడే ఎక్కువ, రంగూ దానిదే. ముక్కలమీద అరచెక్క నిమ్మరసం పిండితే నల్లబడవు. డెలీషస్ కాయకు పులుపు తక్కువ గనుక రుచీ కుదురుతుంది. ఇనుప మూకుడు, కళాయిలేని ఇత్తడి గిన్నె పనికిరావు. స్టీలు గిన్నెలో అరగ్లాసు నీళ్లు, చిన్న దాల్చినచెక్క వేసి, మూతపెట్టి, సన్నసెగను ఇరవై నిమిషాలు మగ్గనివ్వండి. అడుగంటకుండా నడుమ కలుపుతూ ఉండాలి. చెక్క తీసి, పప్పుగుత్తితో మెదిపి, జల్లెడలో వత్తితే తొక్క పైన నిలిచిపోతుంది.

పంచదార ఎందుకండీ? పండులో ఉన్నది చాలదా? తెల్లవారు దీనిని మాంసం పక్కన వడ్డించుకుంటారు. మా ఇంటావిడ మాత్రం దోసెకు నంజుకుంటుంది. చక్కెరవ్యాధి ఉన్నవారు కొలతమీదే తినాలి. నమిలే పని లేదు గనుక కాయకంటె గుజ్జు త్వరగా, ఎక్కువగా లోపలికి పోతుంది.

ఆరు నెలలు నిండిన బిడ్డకు పలుచగా చేసి చెమ్చాడు పెట్టవచ్చును. ఏడాది లోపు వారికి తేనె కలపరాదు. చల్లారిన గుజ్జును గాజుసీసాలో పోసి ఫ్రిజ్జులో ఉంచితే వారం రోజులు నిలుస్తుంది. తడి చెమ్చా ముంచితే అన్నాళ్లుండదు.