జనకుని సమ్మతి

దత్తత యన్నంతనే మన గృహస్థులు భూములను, పిండోదకములను తలంతురు. చేతులు మాఱు శిశువును తలంచువారు తక్కువ. జనకుని సమ్మతిని గూర్చిన విచారణ యా శిశువు పక్షమున జరుగవలెనని మా యభిప్రాయము.

తండ్రి సమ్మతించిన మాత్రమున బిడ్డకు క్షేమము కలుగునా? ఐతరేయ బ్రాహ్మణమున అజీగర్తుడు నూఱావులకు కుమారుడైన శునశ్శేపుని అమ్మెను. మఱి నూటికి యూపమునకు గట్టెను. మఱి నూటికి చంపుటకై కత్తి నూఱుచు వచ్చెను. సమ్మతికి లోపమేమి? లోపించినది పితృత్వము. పిదప ఆతడు మరల రమ్మని పిలిచినను పోక, శునశ్శేపుడు విశ్వామిత్రునకు పుత్రుడయ్యెను.

1956వ సంవత్సరపు హిందూ దత్తత, మనోవర్తి చట్టము ఇట్టి బేరమును నిషేధించినది. దత్తతకు ప్రతిఫలమిచ్చినను పుచ్చుకొన్నను ఆఱు మాసముల వఱకు ఖైదు గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. అయితే ఆనాడు బిడ్డ నిచ్చు హక్కును తండ్రికే యుంచి, తల్లికి సమ్మతిని మాత్రమే మిగిల్చిరి. 2010లో జరిగిన సవరణచే ఇరువురకును సమానమైన హక్కు కలిగినది. ఒకరి సమ్మతి లేక వేఱొకరు ఇయ్యరాదు. ఇది న్యాయమే.

కాని యొక లోపము మిగిలియున్నది. సన్న్యసించినవాని సమ్మతి యక్కఱలేదు. హైందవమును విడిచినవానిది అక్కఱలేదు. మతి చలించెనని న్యాయస్థానము తేల్చినవానిది అక్కఱలేదు. ఆలుబిడ్డలను విడిచిపోయి, పదేండ్లు పట్టెడన్నము పెట్టనివాని సమ్మతి మాత్రము కావలెను! ఆ తల్లి సంతానము లేని తన యన్నకు బిడ్డ నీయదలచినచో, మొగము చూపని మగని సంతకమునకై ఊరూర వెదుకవలెను. దొరకినవాడు సంతకమునకు వెల యడిగినచో అజీగర్తుడు మరల పుట్టినట్లే. తలిదండ్రులిరువురును విడిచిన బిడ్డను సంరక్షకుడు న్యాయస్థానపు అనుమతితో దత్తత నీయవచ్చునని యా చట్టమే చెప్పుచున్నది. ఒక్కరే విడిచినచో మార్గము చూపలేదు.

తండ్రి హక్కును తేలికగ ద్రోసివేయుడని మేము చెప్పము. సక్రమముగ జరిగిన దత్తతను ఎవరును రద్దుచేయజాలరు గదా! పొట్టకూటికై దూరదేశమేగి సొమ్ము పంపువాడు పరిత్యాగి కాడు. ఆలుమగల కలహమున బిడ్డను చూడ నోచుకొననివాడును కాడు. కావున పరిత్యాగమును తేల్చుట బంధువుల పని కాదు. తండ్రికి నోటీసు నిచ్చి, తెలివి వచ్చిన బిడ్డ కోర్కెను గూడ విని, న్యాయస్థానమే నిర్ణయింపవలెను. బిడ్డను విడిచిన తల్లికిని ఇదే న్యాయము వర్తింపవలెను. పార్లమెంటు ఈ మేరకు చట్టమును సవరించుట యుక్తము.

అంతవఱకు మన పెద్దలు చేయదగినదొకటి కలదు. దత్తత పత్రము వ్రాయించునాడు పొలముల సరిహద్దులను విచారించునంత శ్రద్ధతో, ఆ తండ్రి యేల సమ్మతించెనో, దేనికి సమ్మతించెనో విచారింపుడు.