మార్చినవాడు దొంగ, అమ్మినవాడు దొరా?

కంప్యూటరు ఆటలకు తయారయ్యే ‘మాడ్’లను యువకులు టోరెంట్ల ద్వారా పంచుకుంటే అది దొంగతనమేనని తీర్పు చెప్పేవారు మనలోనూ ఉన్నారు. తీర్పుకు ముందు విచారణ ఉండాలి గదా! విచారిద్దాం.

మాడ్ అంటే ఏమిటి? కంపెనీ విడుదల చేసిన ఆటకు ఆడేవారే కొత్త పాత్రలు, స్థలాలు, నియమాలు కల్పించి చేర్చే రచన. అసలు ఆట లేనిదే అది సాధారణంగా నడవదు. కాబట్టి మాడ్‌ను పంచటం వేరు, ఆటకే నకలుతీసి పంచటం వేరు. ఉన్న రచనను తిరగరాయటమే నేరమయితే రంగనాథ రామాయణం నుంచి రామాయణ విషవృక్షం దాకా ఎన్నింటిని బోనెక్కించాలి?

ఇక యజమానుల చరిత్ర చూడండి. ‘హాఫ్-లైఫ్’ ఆటకు ఇద్దరు యువకులు 1999లో చేసిన మాడ్ ‘కౌంటర్-స్ట్రైక్’. మరుసటి ఏడే వాల్వ్ కంపెనీ వారికి ఉద్యోగాలిచ్చి దానిని తన సరుకు చేసుకుంది. 2015 ఏప్రిల్‌లో వాల్వ్, బెథెస్డా కంపెనీలు ‘స్కైరిమ్’ మాడ్‌లను అమ్మకానికి పెట్టాయి. రాబడిలో తయారుచేసినవానికి నూటికి 25, కంపెనీలకు 75! ఆటగాళ్లు తిరగబడగా కొద్దిరోజులకే వెనక్కు తగ్గాయి. 2020లో బ్లిజార్డ్ కంపెనీ ‘వార్‌క్రాఫ్ట్ 3’లో ఆటగాళ్లు కల్పించే ఆటలన్నీ తన ఆస్తేనని నిబంధన రాసుకుంది. ఎవరు ఎవరి శ్రమను కాజేస్తున్నారు?

బ్రామ్ కోహెన్ 2001లో రూపొందించిన బిట్‌టోరెంట్ పద్ధతి ఇందుకు భిన్నం. ఫైలు ముక్కలుగా వస్తుంది. ముక్క అందుకున్నవాడు దానిని మరొకరికి అందిస్తాడు. తీసుకునేవారు పెరిగినకొద్దీ ఇచ్చేవారూ పెరుగుతారు. సొంత సర్వరు లేని విద్యార్థి కూడా అనేక గిగాబైట్ల మాడ్‌ను వేలమందికి చేర్చగలడు. ఏ కంపెనీ గిడ్డంగి తాళంచెవీ అతనికి అక్కరలేదు.

అయితే ఈ పద్ధతిని ఆకాశానికెత్తటమూ తగదు. పూర్తి ఫైలు ఉంచుకున్న చివరి మనిషి కంప్యూటరు ఆపేసిననాడు పంపిణీ ఆగిపోవచ్చు. తాను దించుకుని తలుపు వేసుకునేవాడూ, తయారుచేసినవాని సమ్మతి అడగకుండా, పేరు చెరిపి పంచేవాడూ ఆ కంపెనీలకు తమ్ముళ్లే.

పంచుకోవటం నేరం కాదు. శ్రమ చేసినవానిని మరచిపోవటం నేరం. ముందు ఆ శ్రమ ఎవరిదో తేల్చండి. తీర్పు తరువాత చెప్పవచ్చు.