కచేరీ ఎవరి సొత్తు?

శాస్త్రీయ సంగీత విద్వాంసుని జీవితచరిత్ర మన దేశంలో ఎవరు రాసినా ఒకే మూసలో పోసినట్టుంటుంది. పుట్టుకతోనే నాదం పలికింది, పూర్వజన్మ సుకృతం ఫలించింది, సరస్వతి కటాక్షించింది. అంతటితో సరి. మన అభ్యుదయ మిత్రుల్లో కొందరిది మరొక మూస. కచేరీ అన్నది రాజుల దర్బారులో పుట్టి ధనికుల సభల్లో పెరిగిన భూస్వామ్య అవశేషమనీ, పల్లె జనానికి డప్పు చాలుననీ వారు తేల్చేస్తారు. పైకి ఈ రెండు వాదాలూ బద్ధశత్రువుల్లా కనిపిస్తాయి. కాని రెండూ చేరే తీర్మానం ఒక్కటే: కూలివాని బిడ్డకు వయొలిన్ అక్కరలేదు. ఒకరు అర్హత లేదంటారు, మరొకరు అవసరం లేదంటారు. వర్ధన్నపేటలో తెలుగు పాఠం చెప్పుకునే నాకు ఈ రెండు మాటల్లో దేనితోనూ పొత్తు కుదరదు.

ద్వారం వెంకటస్వామి నాయుడు జీవితాన్ని తీసుకుందాం. ఐరోపాలో పియానో విద్వాంసుడు ఒంటరిగా వేదిక ఎక్కి, మాట గాని పాట గాని తోడు లేకుండా, వాద్యంతోనే సభను నిలబెడతాడు. తెలుగుదేశంలో ఆ స్థానానికి అతి సమీపంగా వచ్చినవాడు ద్వారమేనని నా అభిప్రాయం. ఆయన 1893లో బెంగుళూరులో పుట్టి విశాఖపట్టణంలో పెరిగాడు. చూపు మందం, బడి చదువు సాగలేదు. తొలి గురువు సొంత అన్నగారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల వెలిసింది. ఆదిభట్ల నారాయణదాసు దానికి అధ్యక్షుడు. విద్యార్థిగా చేరదామని వెళ్లిన ద్వారానికి అక్కడ అధ్యాపక పదవే లభించింది. 1936లో ఆయనే ఆ కళాశాలకు అధ్యక్షుడైనాడు. గాయకుని పక్కన ఒదిగి కూర్చునే వయొలిన్‌కు 1938లో వేలూరులో ప్రధాన స్థానమిచ్చి, అదొక్కటే వాద్యంగా కచేరీ చేశాడు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదమూ, 1957లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చాయి. 1964లో కన్నుమూశాడు.

ఈ చరిత్రలో సరస్వతీ కటాక్షం ఎక్కడుందో నాకు కనబడదు. నెల జీతం మాత్రం స్పష్టంగా కనబడుతుంది. 1919కీ 1938కీ నడుమ పందొమ్మిదేళ్లున్నాయి. ఆ పందొమ్మిదేళ్లూ రేపటి గింజల కోసం పెళ్లిపందిళ్ల వెంట తిరగనక్కరలేని ఉద్యోగమొకటి ఆయనకుంది. సాధనకు పొద్దుంది. చుట్టూ విద్యార్థులున్నారు, తోటి విద్వాంసులున్నారు. ప్రతిభ లేదని నేననడం లేదు. ప్రతిభ ఊరూరా పుడుతూనే ఉంది. దానికి జీతమూ, తీరికా, గురువూ సమకూరిన ఊళ్లు మాత్రం వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

ఆ జీతం జమీందారు ఖజానా నుంచి వచ్చింది కదా అని మిత్రులు అడుగుతారు. నిజమే. ఆ ఖజానాలోకి అది రైతు చెమటలోనుంచి వచ్చింది. కాబట్టి ఆ వయొలిన్ నాదంలో రైతుకు వాటా ఉంది. వాటా ఉన్నవాణ్ణి పట్టుకుని, ఇది నీది కాదు పొమ్మనడం ఏ వర్గదృష్టి? 1948లో మద్రాసు రాష్ట్రంలో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. జమీందారీ పోయింది, కళాశాల మిగిలింది. నేడది ప్రభుత్వ కళాశాల. చరిత్ర చెప్పే పాఠం ఇదే: దొరను దించడమంటే దొర గదిలోని వీణను పగలగొట్టడం కాదు.

వయొలిన్ పరదేశి వాద్యమన్న మాట కూడా నిలవదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి ఇంగ్లీషువారి దగ్గర దాన్ని నేర్చి రెండు వందల ఏళ్లు దాటింది. మెట్లు లేని తీగమీద వేలు జారితే గమకం పలుకుతుంది. అందుకే అది మనదైంది. పియానోలో ఏ మెట్టుకు ఆ స్వరం బిగించి ఉంటుంది, జారుడుకు చోటు లేదు. అందుకే అది బంగళాల్లోనూ, చర్చీల్లోనూ, సినిమా స్టూడియోల్లోనూ ఆగిపోయింది. దాని పేద తమ్ముడు హార్మోనియం మాత్రం నాటక సమాజాలతో పల్లెలకు నడిచివచ్చింది. శాస్త్రం పేరు చెప్పి 1940లో ఆలిండియా రేడియో దాన్ని వెలివేసింది. 1971 దాకా ఆ వెలి సడలలేదు. వాద్యాలకు కులం అంటగట్టినవాళ్లెవరో ఇక్కడ తెలుస్తుంది.

పల్లెకు డప్పు చాలుననే మిత్రులు షేక్ నాజర్‌ను తలచుకోవాలి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద ఇంట పుట్టి, బుర్రకథను ప్రజల ఆయుధంగా మలచిన ఆ కళాకారుడు శాస్త్రీయ సంగీతం పట్టుబట్టి నేర్చుకున్నాడు. అది భూస్వాములదని ఆయన వదిలేయలేదు. తన గొంతుకు కావలసింది తీసుకున్నాడు.

మరో ఉదాహరణ సోవియట్ దేశానిది. పియానో విద్వాంసుడు స్వియతొస్లావ్ రిఖ్తర్ చాలామట్టుకు తనంత తానే నేర్చుకుని, 1937లో మాస్కో సంగీత విద్యాలయంలో చేరి నైగౌజ్ శిష్యుడైనాడు. 1941లో ఆ రాజ్యమే ఆయన తండ్రిని కాల్చి చంపింది. దీన్ని దాచి ఆ దేశాన్ని పొగడడం నాకు చేతకాదు. అయితే ప్రపంచమంతా పేరు మోగిన ఆ మనిషి 1986లో, డెబ్భై ఏళ్లు దాటాక, సైబీరియా అంతా తిరిగి, సరైన సభాభవనం కూడా లేని చిన్న ఊళ్లలో సైతం వాయించాడు. కొద్ది నెలల్లో నూట యాభై దాకా కచేరీలు! చిన్న ఊరి శ్రోతకు చిన్న సంగీతం చాలునని ఆయన అనుకోలేదు. మన సభలవారు హైదరాబాదు దాటి ఎంత దూరం వస్తున్నారు?

ముందు కూడు, తర్వాత పాట అంటారు. కూడు కోసం పోరాడినవాళ్లు పాట మానుకున్న రోజు తెలంగాణ చరిత్రలో ఒక్కటి చూపించండి.

వరంగల్లులో ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. పగలు డిగ్రీ చదివి, సెలవుల్లో పత్తి ఏరే పిల్లకు రోజూ అక్కడికి పోయిరావడం కుదిరే పని కాదు. గురువే ఆమె ఊరికి రావాలి. ప్రతి ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ఒక సంగీతాధ్యాపక పదవి, నెలనెలా జీతంతో, పర్మినెంటుగా ఉండాలి. విద్యార్థి ఇంటికి తీసుకుపోయి సాధన చేసుకునేందుకు గ్రంథాలయ పుస్తకంలాగా వాద్యం అరువివ్వాలి. ఉపాధ్యాయ మిత్రులు తమ సంఘాల మహాసభల్లో కరువుభత్యం తీర్మానం పక్కనే ఈ తీర్మానం కూడా పెట్టాలి. విద్యార్థి సంఘాలు స్కాలర్‌షిప్పులతో పాటు దీన్నీ అడగాలి. గొంతెమ్మ కోరిక అని నవ్వేవాళ్లుంటారు. విజయనగరంలో ఒక జమీందారు ఇవ్వగలిగిన జీతం ఒక ప్రజా ప్రభుత్వం ఎందుకివ్వలేదో ముందు వాళ్లు జవాబు చెప్పాలి.