ఇరవై పాయింట్లు కొట్టినా ఇంటికే

పొద్దున ఆరున్నరకి అలారం పెట్టుకుని లేవడం నాకు బీటెక్ సెమిస్టర్ పరీక్షలప్పుడు కూడా చేతకాలేదు. 2023 మార్చి ఆఖర్లో, ఏప్రిల్‌లో మాత్రం లేచాను. ఎందుకంటే, కెనడాలో ఒక పదిహేడేళ్ల కుర్రాడు ఐస్ హాకీ ఆడుతుంటే చూడ్డానికి. హైదరాబాద్ చలికే రెండు దుప్పట్లు కప్పుకునేవాణ్ని, నాకెందుకు ఐసూ హాకీ అని మీరు అడగొచ్చు. మా అమ్మ అదే అడిగింది.

ఈ పిచ్చి అంటించింది మా క్లయింట్ టీమ్‌లో ఒకావిడ. పశ్చిమ కెనడాలో చిన్న ఊరు వాళ్లది. స్టాండప్ కాల్ మనకి రాత్రి ఏడున్నరకైతే వాళ్లకి పొద్దున ఎనిమిది. ఆ రోజుల్లో గొంతు పూర్తిగా బొంగురుపోయి కాల్‌లోకి వచ్చేది. జలుబు చేసిందా అంటే, కాదు, ప్లేఆఫ్స్ అంది. ఆమె అరిచేది సొంత కొడుకు కోసం కాదు, వాళ్లింట్లో ఉంటున్న కుర్రాడి కోసం.

అక్కడి పద్ధతి అది. కెనడియన్ హాకీ లీగ్ కింద మూడు జూనియర్ లీగ్‌లున్నాయి: వెస్టర్న్, ఒంటారియో, క్యుబెక్. అప్పటికి మొత్తం 60 జట్లు, వాటిలో కొన్ని అమెరికా ఊళ్లవి. ఆడేది 16 నుంచి 20 ఏళ్ల పిల్లలు. జట్టు తీసుకుంటే సొంతూరు వదిలేసి వెళ్లాలి. హాస్టల్ ఉండదు, ఆ ఊళ్లో ఏదో ఒక కుటుంబం ఇంట్లో పెట్టుకుంటుంది. అన్నం వాళ్లే పెడతారు, చదువు అక్కడి హైస్కూల్లో. మ్యాచ్‌లకి వందల కిలోమీటర్లు బస్సులో. ఇంటర్‌లో నన్ను పడేసిన హాస్టల్ గుర్తొచ్చి, ఈ పిల్లలే నయం అనిపించింది. కనీసం సాంబారులో ముక్కలుంటాయి.

ప్లేఆఫ్స్ అంటే నాలుగు రౌండ్లు. ప్రతి రౌండూ ఏడు మ్యాచ్‌ల సిరీస్, ముందు నాలుగు గెలిచినవాళ్లు పైకి. చివరికి మూడు లీగ్‌ల చాంపియన్లు, ఆతిథ్య జట్టు కలిసి మెమోరియల్ కప్ ఆడతారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన కెనడా సైనికుల జ్ఞాపకార్థం 1919లో మొదలైన కప్పు అది. ప్లేఆఫ్స్‌లో ఉన్నన్నాళ్లూ గడ్డం గీయకూడదని హాకీలో ఆనవాయితీ, మన అయ్యప్ప మాల లాగా. పదహారేళ్లోడికి గడ్డం ఎక్కడిది పాపం. నాలుగు వెంట్రుకలతో భక్తిగా తిరుగుతుంటారు.

ఇక ఆ పదిహేడేళ్ల కుర్రాడు. పేరు కానర్ బెడార్డ్, జట్టు రెజైనా పాట్స్. వెస్టర్న్ లీగ్‌లో మామూలుగా పదిహేనేళ్ల వాళ్లని పూర్తి సీజన్ ఆడనివ్వరు. ఇతనికి 2020లో ప్రత్యేక అనుమతి ఇచ్చారు, ఆ లీగ్‌లో అది పొందిన మొదటివాడు ఇతనే. 2022-23 రెగ్యులర్ సీజన్‌లో 57 మ్యాచ్‌లు, 71 గోల్స్, 143 పాయింట్లు. హాకీలో గోల్ కొడితే ఒక పాయింటు, కొట్టించినా ఒక పాయింటే. అంటే మ్యాచ్‌కి రెండున్నర. ఇన్నింగ్స్‌కో సెంచరీ కొట్టే కుర్రాడు ఊళ్లో ఉంటే ఎలా ఉంటుందో అలా ఉండేది, ఏ ఊరెళ్లినా స్టేడియం నిండిపోయేది.

మొదటి రౌండ్లో పక్కూరి సాస్కటూన్ బ్లేడ్స్ తగిలింది. రెండు ఊళ్ల మధ్య దూరం దాదాపు హైదరాబాద్-విజయవాడ అంత, పోటీ కూడా ఆ రేంజే. బెడార్డ్ ఏడు మ్యాచ్‌ల్లో 10 గోల్స్ కొట్టాడు, ఇంకో 10 కొట్టించాడు. మొత్తం 20 పాయింట్లు.

పాట్స్ ఓడిపోయింది. ఏడో మ్యాచ్‌లో.

ఇదెలా అని ఆ రాత్రి కాల్‌లో అడిగాను. ఆవిడ వర్క్ పక్కన పెట్టి మరీ చెప్పింది. హాకీ మ్యాచ్ 60 నిమిషాలు. స్కేటింగ్‌లో ఒళ్లు హూనమైపోతుంది కాబట్టి ఒక్కో విడతలో ముప్పావు నిమిషం ఆడి బెంచీకొచ్చేస్తారు, ఇంకో బ్యాచ్ దిగుతుంది. ఎంత మొనగాడైనా మంచు మీద ఉండేది సగం టైమ్ కూడా కాదు. మిగతా సగంపైన మిగతావాళ్లే ఆడాలి. పైగా ఆట ఆగినప్పుడు ఎవర్ని దించాలో చివర్లో తేల్చుకునే హక్కు హోమ్ టీమ్‌ది. అవతలివాళ్లు బెడార్డ్‌ని దించారని చూశాకే, అతన్ని కాసేవాళ్లని వీళ్లు దించుతారు. ఏడో మ్యాచ్ సాస్కటూన్‌లో జరిగింది. రెండు వారాల్లో అదే కుర్రాణ్ని ఏడుసార్లు చూస్తే ఎవరైనా కొంత పట్టేస్తారు కదా. ప్రొడక్షన్‌లో ఒక్క మంచి సర్వర్ పెట్టి మిగతావన్నీ పాత డబ్బాలు పెడితే ఏమవుతుందో నాకు తెలుసు, ఇక మాట్లాడలేదు.

సిరీస్ అయిపోగానే రెండు జట్లూ వరసకట్టి షేక్‌హ్యాండ్లు ఇచ్చుకుంటాయి. నాకు ఆట కంటే అదే ఎక్కువ గుర్తుండిపోయింది. ఎందుకంటే ఆ వరసలో నిలబడ్డవాళ్లందరూ ఒకే మ్యాచ్ ఓడిపోలేదు. బెడార్డ్‌కి పోయింది ఒక కప్పు. జూన్‌లో జరిగిన ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో చికాగో అతన్నే మొట్టమొదట తీసుకుంది, ఇక జూనియర్ వైపు తిరిగి చూడాల్సిన పని లేదు. జట్టులో ఇరవయ్యేళ్ల వాళ్లుంటారు చూశారా, వాళ్ల సంగతి వేరు. వాళ్లని ఓవరేజ్ అంటారు, జట్టుకి ముగ్గురికి మించి ఉండకూడదు. వాళ్లకి ఆ ఏడాదే ఆఖరు. కాంట్రాక్టు ఏదీ చేతిలో లేకపోతే, ఓడిన రాత్రితో జూనియర్ హాకీ అయిపోయినట్టే.

లెక్క వేసి చూశాను, ఇంజనీర్ బుద్ధి. 60 జట్లు, ఒక్కోదాంట్లో ఇరవై మందికి పైనే. అంటే 1,200 దాటారు. ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో 32 జట్లు, 7 రౌండ్లు, మొత్తం 224 పేర్లు. ఆ 224లోనే స్వీడన్, ఫిన్లాండ్, అమెరికా కుర్రాళ్లు కూడా ఉంటారు. మా ఇంటర్ కాలేజీ ఫ్లెక్సీ మీద పన్నెండు ఫొటోలుండేవి, మేం సెక్షన్‌కి ఎనభై మందిమి. నాది ఐదంకెల ర్యాంకు. ఫ్లెక్సీ ఎక్కనివాళ్లు ఏమయ్యారని కాలేజీ ఎప్పుడూ అడగలేదు.

అలాగని డ్రాఫ్ట్‌లో పేరు రాకపోతే కథ అయిపోయినట్టే అనుకోకండి. సర్రే నుంచి వచ్చిన పంజాబీ కుర్రాడు అర్ష్‌దీప్ బైన్స్‌ని ఏ డ్రాఫ్ట్‌లోనూ ఎవరూ తీసుకోలేదు. ఓవరేజ్ సీజన్‌లో, 2021-22లో, రెడ్ డీర్ రెబెల్స్ తరఫున 112 పాయింట్లతో వెస్టర్న్ లీగ్ మొత్తానికి టాప్ వచ్చాడు. సీజన్ ముగియకముందే వాంకూవర్ కనక్స్ కాంట్రాక్టు ఇచ్చింది. 2024 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్‌ఎల్‌లో దిగాడు. కెనడాలో పంజాబీలో హాకీ కామెంటరీ 2008 నుంచీ ఉంది. ఇంట్లో ముసలాళ్లు కూడా ఆట ఎందుకు చూస్తారో అర్థమైంది. తెలుగు కామెంటరీ కూడా ఎప్పుడో వస్తుందేమో, ఐస్ కరిగిపోయేంత అరుస్తాం మనం.

కానీ బైన్స్ లాంటి ఆఖరి ఏడాది అందరికీ రాదు. మా టీమ్ ఆవిడ ఇంట్లో ఉన్న కుర్రాడికి ఇరవయ్యేళ్లు. ఊరూ పేరూ రాయను. నాలుగు సీజన్లు ఆ ఇంట్లోనే ఉన్నాడు. డిఫెన్స్, గోల్స్ పెద్దగా కొట్టడు, షాట్లకి ఒళ్లు అడ్డం పెట్టే రకం. వాళ్ల జట్టు కూడా మొదటి రౌండ్లోనే పోయింది. మర్నాడు స్టాండప్‌లో ఆవిడ కెమెరా ఆన్ చేయలేదు. టికెట్ స్టేటస్ చెప్పేసి, వాడు సామాను సర్దుకుంటున్నాడు, ఇవాళ హాఫ్ డే తీసుకుంటాను అంది. ఎవరం ఏమీ అనలేదు.

ఈ లీగ్‌లో ఒక మంచి సంగతుంది. ఆడిన ప్రతి సీజన్‌కీ ఒక ఏడాది కాలేజీ చదువుకి స్కాలర్‌షిప్ వస్తుంది. నాలుగు సీజన్లు కాబట్టి నాలుగేళ్లు. సివిల్ తీసుకోవాలా, కంప్యూటర్సా అని ఆవిడ ద్వారా నన్ను అడిగించాడు. సివిల్ అని చెప్పాను. రాత్రి కాల్స్ తక్కువుంటాయి కదా అని.

వెళ్తూ వెళ్తూ స్టిక్కులు మాత్రం గ్యారేజీలోనే వదిలేసి వెళ్లాడట. ఆగస్టు చివర్లో కొత్త కుర్రాడొచ్చాడు, పదహారేళ్లు. ఆ స్టిక్కులు వాడికి బాగా పొడవైపోయాయని, కోయించాలా వద్దా అని ఆలోచిస్తున్నానని కాల్‌లో చెప్పింది.