పరుల ధనము - మన పరీక్ష

మన పాఠశాల పూర్వవిద్యార్థి యొకడు ఈ వేసవిలో హిందూపురమునుండి నన్ను జూడవచ్చెను. మ్యూచువల్ ఫండ్ల నమ్ము ఏజెంటు కాదలచి, అందులకు వలసిన పరీక్షకై చదువుచున్నాడట. సెబీవారు 2006లో స్థాపించిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెక్యూరిటీస్ మార్కెట్స్ ఈ పరీక్షను నడపును. ప్రశ్నలు 100, గడువు 2 గంటలు, 50 మార్కులు వచ్చిన ఉత్తీర్ణత.

"అయ్యవారూ, ప్రశ్నోత్తరములన్నియు కంఠస్థము చేసితిని" అని అతడు సంతోషముతో జెప్పెను. నేనొక్క ప్రశ్నమాత్ర మడిగితిని: "ధర్మవరమున పట్టుచీరలు నేయు కుటుంబమొకటి, రెండేండ్లలో జరుగవలసిన కూతురి పెండ్లికై దాచిన లక్ష రూపాయలు నీ కిచ్చినచో ఏమి చేయుమందువు?" అతడు వెంటనే షేర్లలో మదుపు పెట్టు ఫండొకటి చెప్పెను. ఆ లోపల ధరలు పడిపోయినచో పెండ్లి యెట్లని యడుగగా మౌనము వహించెను.

కంఠస్థమును నేను నిందింపను. సూత్రము నోటికి రానిదే లెక్క సాగదు. కాని నూటికి 50 వచ్చినచో పరీక్ష గట్టెక్కును. పరుల సొమ్ములో సగము నిలిపినవాని నెవరును మెచ్చరు.

కావున విద్యార్థి ప్రతి సూత్రమును ఒక ఇంటి లెక్కగా వేసి చూడవలెను. లక్ష రూపాయలు ఏటికి నూటికి 10 చొప్పున పెరిగినచో 20 ఏండ్లకు 6,72,750 అగును. ఖర్చులక్రింద నూటికొక రూపాయి పోయి 9 చొప్పుననే పెరిగినచో 5,60,441 మాత్రమే. ఆ ఒక్క రూపాయి చేసిన లోటు 1,12,309! ఏజెంటు కమీషనును ఇట్టి ఖర్చులలోనిదే. కమీషను లేని డైరెక్టు పథకములు 2013 జనవరినుండి గలవు. ఈ సంగతి కొనువానికి ఏజెంటు చెప్పునా? అసలు పరీక్ష ఇదియే.

"చెప్పినచో మాకు జీవనమెట్లు?" అందురు. శ్రమకు కూలి న్యాయమే. అయితే ఇచ్చువానికి తెలిసి యిచ్చినదే కూలి. అమెరికాలో 1963లో మొదలైన సి.ఎఫ్.ఏ. పరీక్ష మూడు దశలయందును వృత్తినీతిని పాఠ్యాంశముగా నుంచుట ఊరక కాదు.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరములందు ఈ వృత్తి గోరు యువకులారా! పరీక్ష రెండుగంటలలో ముగియును. మీ మాట నమ్మి సొమ్మిచ్చిన యింటివారు మాత్రము ఏండ్లతరబడి మీ వీధిలోనే యుందురు. వారి మొగము చూడగలుగునట్లు చదువుడు.