కుర్చీ వేస్తారట, కూర్చోవాలా?

2000ల తొలి సంవత్సరాల్లో తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు చాలావరకు ఒకే ఒక్క బ్రౌజర్‌లో సరిగా కనిపించేవి. అది మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు ఉండేది. ఆ ఫాంటును పేజీతో పాటే పాఠకుడి కంప్యూటర్‌లోకి దించే ఏర్పాటు మైక్రోసాఫ్ట్ సొంతం. అదే పేజీని మొజిల్లా బ్రౌజర్‌లో తెరిస్తే వార్తకు బదులు రోమన్ అక్షరాలు, అర్థంకాని గుర్తులు ప్రత్యక్షమయ్యేవి. లైనక్స్ వాడే తెలుగువాడు తన భాషలో వార్త చదువుకోవాలంటే ‘పద్మ’ అనే చిన్న యాడ్-ఆన్ తగిలించుకుని ఆ గజిబిజిని యూనికోడ్‌లోకి మార్చుకోవాల్సి వచ్చేది.

ఆ తంటా ఇప్పుడు లేదు. యూనికోడ్ వ్యాప్తితో సగం తీరింది, వెబ్ ఫాంట్లకు ఉమ్మడి ప్రమాణం రావడంతో మిగతా సగం తీరింది. ఈ రెండో సగం వెనుక కథ తెలుసుకోదగ్గది. 2008లో మైక్రోసాఫ్ట్ తన ఫాంట్ పద్ధతినే ప్రమాణం చేయమని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం (డబ్ల్యూ3సీ) ముందు పెట్టింది. అది ముందుకు సాగలేదు. మొజిల్లాలో పనిచేసే జొనాథన్ క్యూ మరో ఇద్దరు అక్షర రూపకర్తలతో కలిసి ‘వోఫ్’ అనే కొత్త పద్ధతి తయారు చేశారు. 2010 ఏప్రిల్‌లో మొజిల్లా, ఒపెరా, విచిత్రంగా మైక్రోసాఫ్ట్ కూడా కలిసి దాన్ని డబ్ల్యూ3సీకి సమర్పించాయి. 2012 డిసెంబర్‌లో అది ప్రమాణమైంది. అలా సమర్పించే హక్కు అక్కడ సభ్యులకు మాత్రమే ఉంటుంది. మొజిల్లా గది బయటే నిలబడి ఉంటే ఆ కాగితం మీద దాని సంతకం ఉండేది కాదు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్లన్నిటికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇదే. ప్రమాణాల సంఘంలో చేరాలా, వద్దా? టిమ్ బెర్నర్స్-లీ 1994లో స్థాపించిన డబ్ల్యూ3సీలో సభ్యత్వం సంస్థలకు. రుసుము ఆదాయాన్ని బట్టి, దేశాన్ని బట్టి ఉంటుంది. ఓటు మాత్రం ఎంత పెద్ద కంపెనీకైనా ఒక్కటే. కాగితం మీద చూస్తే ఇంతకంటే ప్రజాస్వామ్యం ఏముంటుంది? కానీ ఆ ఓట్లలో అత్యధికం కంపెనీలవి. వందల మంది మధ్య ఒక స్వచ్ఛంద సంస్థ చెయ్యెత్తితే ఎంత, ఎత్తకపోతే ఎంత అన్నది చేరొద్దనేవారి వాదన. సంఘం 2023 జనవరిలో సొంతంగా లాభాపేక్షలేని సంస్థగా మారినా ఈ లెక్క మారలేదు.

ఈ వాదనలో పస ఎంతో చూడాలంటే 2001 ఆగస్టుకు వెళ్లాలి. వెబ్ ప్రమాణాల్లో పేటెంట్ ఉన్న అంశాలను చేర్చుకోవచ్చని, వాటిపై ‘సముచితమైన, వివక్షలేని’ షరతులతో రాయల్టీ వసూలు చేసుకోవచ్చని డబ్ల్యూ3సీ ఒక ముసాయిదా ప్రకటించింది. మాట మృదువుగానే ఉంది. కానీ ఎవరైనా నకలు తీసి మరొకరికి ఇచ్చుకోగల సాఫ్ట్‌వేర్‌కు ఎన్ని ప్రతులున్నాయో ఎవరు లెక్కపెడతారు, ప్రతికి ఇంత అని ఎవరు కడతారు? ఆ నిబంధన నిలిచి ఉంటే ఉచిత బ్రౌజర్, ఉచిత వెబ్ సర్వర్ అన్న మాటలకు నూకలు చెల్లేవి. అభ్యంతరాలు వెల్లువెత్తాయి. గడువు పొడిగించక తప్పలేదు. చివరకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పక్షాన న్యాయవాది ఎబెన్ మోగ్లెన్‌ను, ఓపెన్ సోర్స్ పక్షాన బ్రూస్ పెరెన్స్‌ను ఆహ్వానిత నిపుణులుగా పేటెంట్ బృందంలోకి పిలిచారు. 2003 మేలో రాయల్టీ లేని విధానం ఖరారైంది.

ఇందులో రెండు సంగతులు గమనించాలి. వారు రుసుము కట్టి లోపలికి వెళ్లినవారు కాదు. బయటి గొడవ తట్టుకోలేక లోపలివారే తలుపు తీశారు. అలాగని గొడవ ఒక్కటే సరిపోలేదు. కంపెనీల లాయర్లతో ఒక్కో వాక్యం మీద నెలల తరబడి తర్కించేవాళ్లు లోపల కావాల్సి వచ్చారు. అప్పటికీ పూర్తి విజయం దక్కలేదు. పేటెంట్ మినహాయింపును ఆ ప్రమాణం అమలు వరకే పరిమితం చేయవచ్చన్న నిబంధన మిగిలిపోయిందని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చివరిదాకా అభ్యంతరం చెబుతూనే ఉంది.

2004లో కథ మరోలా నడిచింది. ఆ ఏడాది మే నెలలో ఢిల్లీలో వామపక్షాలు మన్మోహన్ సింగ్ ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతిచ్చాయి. ఆ తర్వాత కొద్ది రోజులకే శాన్ హోజేలో డబ్ల్యూ3సీ సదస్సు జరిగింది. ఉన్న హెచ్‌టీఎంఎల్‌నే మెరుగుపరుద్దామని మొజిల్లా, ఒపెరా ప్రతిపాదించాయి. దానిపై జరిగిన ఓటింగ్‌లో అనుకూలంగా 8, వ్యతిరేకంగా 14 వచ్చాయి. ఓడినవారు ఆపిల్‌ను కలుపుకుని జూన్ 4న ‘వాట్‌డబ్ల్యూజీ’ పేరిట వేరు కుంపటి పెట్టారు. డబ్ల్యూ3సీతో పూర్తిగా తెగతెంపులు చేసుకోలేదు, దాని కోసం ఆగనూ లేదు. 2006లో బెర్నర్స్-లీ తన దారి అనుకున్నట్టు సాగలేదని ఒప్పుకున్నారు. 2007లో ఆ కుంపటి మీద ఉడుకుతున్న హెచ్‌టీఎంఎల్5నే డబ్ల్యూ3సీ తన పళ్లెంలోకి తెచ్చుకుంది. ఓటింగ్‌లో ఓడినవారు గెలిచారంటే కారణం వారి చేతుల్లో బ్రౌజర్లు ఉండటమే. వామపక్షాలకు ఎంపీలున్నట్టు వీరికి వాడకందార్లున్నారు.

ఆ బలం లేకుండా లోపలికి వెళ్తే ఏమవుతుందో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌కు తెలిసొచ్చింది. అది సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కాదు, డిజిటల్ హక్కుల సంస్థ. సినిమాలకు, వీడియోలకు తాళం వేసే ఏర్పాటును వెబ్ ప్రమాణంగా చేయబోతున్నారని తెలిసి, అడ్డుకోవడానికే 2013లో డబ్ల్యూ3సీలో చేరింది. తాళం వద్దన్న మాట నెగ్గకపోయేసరికి మధ్యేమార్గం చెప్పింది. భద్రతా లోపాలు వెతికే పరిశోధకులపైన, అంధులకు ఉపయోగపడేలా వీడియోను సవరించేవారిపైన అమెరికా కాపీరైట్ చట్టం కింద కేసులు పెట్టబోమని సభ్య కంపెనీలు హామీ ఇస్తే చాలంది. అదీ కుదరలేదు. ఐదు శాతం సభ్యుల మద్దతు కూడగట్టి, డబ్ల్యూ3సీ చరిత్రలోనే మొదటిసారి అప్పీలు ఓటింగ్ పెట్టించింది. అనుకూలం 108, వ్యతిరేకం 57, తటస్థం 20. 2017 సెప్టెంబర్ 18న ప్రమాణం వెలువడింది, అదే రోజు ఫౌండేషన్ రాజీనామా చేసింది. మొజిల్లా సంగతి మరీ దయనీయం. వీడియో ఆడకపోతే జనం వేరే బ్రౌజర్‌కు వెళ్లిపోతారన్న భయంతో 2014లోనే అయిష్టంగా ఆ తాళాన్ని ఫైర్‌ఫాక్స్‌లో పెట్టుకుంటామని ప్రకటించింది.

చేరొద్దనేవారి దగ్గర ఇంకా పదునైన వాదన ఒకటుంది. కుర్చీలో కూర్చున్నవాడి ఫొటోను గృహస్థు ఎలాగైనా వాడుకోవచ్చు. 2007లో గ్నోమ్ ఫౌండేషన్‌కు జరిగింది ఇదే. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఫైళ్ల పద్ధతిని ప్రమాణంగా తీర్చిదిద్దుతున్న యూరప్ సంఘం ఎక్మాలో అది సభ్యురాలు. అక్కడికి వెళ్లిన దాని డెవలపర్ ఉద్దేశం మంచిదే. స్ప్రెడ్‌షీట్ ఫైళ్ల లోపలి వివరాలను మైక్రోసాఫ్ట్ నుంచి రాబట్టగలిగితే ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని సరిగా చదవగలుగుతుంది. కానీ ‘స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్లే ఒప్పుకున్నారు’ అన్న అర్థం పుట్టింది. మా సభ్యత్వం ఆమోదం కాదని ఫౌండేషన్ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. అదే ప్రమాణంపై అంతర్జాతీయ ఓటింగ్‌లో భారత్ 2007లోనూ, 2008లోనూ ‘వద్దు’ అంది. అది నెగ్గాక దక్షిణాఫ్రికా, బ్రెజిల్, వెనిజులాలతో కలిసి అప్పీలు చేసింది. అప్పీళ్లు తిరస్కరణకు గురయ్యాయి, అది వేరే విషయం. భారత్ ఉద్దేశమేమిటని మాత్రం ఎవరికీ సందేహం రాలేదు.

కాబట్టి సొంత బ్రౌజర్ గానీ, లక్షలమంది వాడే సాఫ్ట్‌వేర్ గానీ ఉన్న ఫౌండేషన్ చేరాలి. ప్రతిపాదన పెట్టే హక్కు, ఓటు, అప్పీలు సభ్యులకే ఉన్నాయి. చేరేముందే ఏ పరిస్థితిలో బయటికి వస్తామో తన సభ్యులకు రాతపూర్వకంగా చెప్పాలి, ప్రతి ఓటునూ బయటపెట్టాలి. అలాంటి బలం లేని చిన్న ఫౌండేషన్ రుసుముకు పెట్టే డబ్బుతో ఒక డెవలపర్‌ను పోషించుకోవడం మేలు. సాంకేతిక చర్చలు ఇప్పుడు చాలావరకు బహిరంగంగానే సాగుతున్నాయి, ఆహ్వానిత నిపుణుల దారి ఎటూ ఉంది.

వేరు కుంపటి అన్నిటికీ మందు అనుకోవడానికీ వీల్లేదు. వాట్‌డబ్ల్యూజీలో సాంకేతిక పనికి ఎవరైనా రావచ్చు. 2017 నుంచి దాని సారథ్య బృందంలో ఉన్నవి మాత్రం నాలుగే: ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా. 2019లో హెచ్‌టీఎంఎల్ పగ్గాలను డబ్ల్యూ3సీ ఒప్పందం ద్వారా వారికే వదిలేసింది. ఆ నలుగురిలో ఫౌండేషన్ చేతిలో ఉన్నది మొజిల్లా ఒక్కటే. 2009 చివర్లో ప్రపంచ బ్రౌజర్ వాడకంలో మూడో వంతుకు దగ్గరగా వెళ్లిన ఫైర్‌ఫాక్స్ ఇప్పుడు మూడు శాతానికి అటూఇటూగా ఉంది. దాని రాబడిలో సింహభాగం సెర్చ్ ఒప్పందం కింద గూగుల్ చెల్లించేదే.