వేయి యబద్ధములు, ఒక చిన్నకుక్క

వేయి యబద్ధములాడియైన నొక పెండ్లి చేయుమని మనలో నొక సామెత కలదు. ఆ సామెత యెన్ని కాపురములను కూల్చినదో ఈ పత్రిక చదువు గృహస్థులకును గృహిణులకును నేను చెప్పనక్కఱలేదు. వరుని మూర్ఛరోగమును దాచి, అప్పులను దాచి, వధువు వయస్సును దాచి, మూడు ముళ్లు పడిన పిమ్మట "ఇక నేమి చేయగలరు?" అని చేతులు దులుపుకొను పెద్దమనుష్యులను మనము నూఱేండ్లకు పైగా నిందించుచునే యున్నాము. వ్యాసరచన పేరిట నేనును వారిని నిందించి, నా విద్యార్థులచేత నిందింపజేసినవాడనే. అట్టి నేను పోయిన శ్రావణమాసమున నొక చిన్నకుక్కకు ఇల్లు వెదకుచు ఆ సామెతనే యనుష్ఠించితిని. దాని ఫలమును ఆఱేండ్ల పసివాడొక డనుభవించెను. కావున ఇతరులను అనబోవు మాటలు ముందుగా నాకు తగులునవి.

మేము నివసించునది దిల్‌సుఖ్‌నగర్ ప్రక్కనున్న చైతన్యపురిలో. ఇచ్చట సందునకొక హాస్టలు, మేడకొక శిక్షణాలయము. ఉద్యోగపరీక్షలకు చదువ వచ్చిన యువకులు ఇఱుకు గదులలో నలుగురేసి కాపురముందురు. పరీక్షలు ముగియగానే పోవుదురు. వారు పోయిన మఱునాడు గుమ్మములముందు చిరిగిన పఱుపులు, విఱిగిన బకెట్లు, పాత ప్రశ్నపత్రముల కట్టలు కుప్పలుగా పడియుండును. ఒక యుదయమున అట్టి కుప్పలో పఱుపు క్రింద ఈ కుక్క కనబడెను. తెల్లని బొచ్చు, నక్కమూతి. పిల్లికంటె కొంచెము పెద్దది. మెడకు నైలాను త్రాడుండెను. అది ఒరసి క్రింది చర్మము లేచిపోయియుండెను. విడిచినవారెవరో నాకు తెలియదు; విద్యార్థులే యనుటకు నాయొద్ద సాక్ష్యము లేదు. పశువైద్యుడు చూచి, మనవారు పొమెరేనియన్ అని పిలుచు జాతి యిందు కలిసినదనియు, మూడేండ్ల వయస్సుండు ననియు చెప్పి, పుండునకు మందిచ్చి, టీకాలు వేసెను.

ఈ తెల్లకుక్కల చరిత్రము వేఱుగా వ్రాయదగినది. 1994లో వచ్చిన యొక హిందీ చలనచిత్రమున ఇట్టి కుక్క యొకటి పెండ్లిపెద్దవలె తిరిగెను. అందఱకు తెల్లకుక్క కావలసివచ్చెను. 2003లో ఒక టెలిఫోను సంస్థ ప్రకటనలో ముడుతల మూతి కుక్క యొకటి బాలుని వెంట నడచెను. అందఱకు అది కావలసివచ్చెను. మోజు తీరిన పిమ్మట అవి యెక్కడికి పోవునో ప్రకటనలలో చూపరు.

మా కుక్క వెఱచు వస్తువుల జాబితా పెద్దది. చీపురు, కుక్కరు కూత, తలుపుగంట, హెల్మెటు ధరించిన మనుష్యుడు, బూట్లచప్పుడు, అన్నిటికంటె మిన్నగా పైనుండి తలమీదికి వచ్చు చేయి. మూడు దినములు అది మా మేడమెట్ల క్రిందనుండి వెలికి రాలేదు. పాలు పోసి నేను మఱలిన తరువాతనే త్రాగెడిది. ప్రక్కింటి బాలుడు ముద్దుచేయబోగా పండ్లు చూపి వాని చొక్కాచేతిని పట్టెను, చర్మము తెగలేదు. నేను దానిని చూచితిని. ఈ వాక్యమును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను.

మా తల్లికి ఉబ్బసము. వైద్యుడు ఇంట బొచ్చుజంతువు వలదనెను. ఇల్లు వెదకక తప్పలేదు. ఫోటో తీసి, క్రింద నాలుగు పంక్తులు వ్రాసి, తెలిసినవారందఱకు పంపితిని. శాంతస్వభావము, ముద్దులొలుకునది, పిల్లలతో ఎంతయు కలిసియుండును అని వ్రాసితిని. నలుబదియైదేండ్లవాడను, శాకుంతలమును షేక్‌స్పియరును చదివినవాడను, ఆ నాలుగు పంక్తులలో మూడబద్ధములు వ్రాసితిని. అప్పుడవి యబద్ధములుగా నాకు తోచలేదు, దయగా తోచినవి.

ఎల్.బి. నగర్‌నుండి ఒక గృహస్థుడు వచ్చెను. మంచి యుద్యోగము, మెట్రో స్టేషనునకు దగ్గఱలో నాలుగవ యంతస్తున విశాలమైన ఇల్లు, ఇద్దఱు పిల్లలు. చిన్నవాని పుట్టినదినమునకు బహుమానముగా కుక్క. ఆయన యొక్కటే ప్రశ్న యడిగెను: "పిల్లలతో బాగుంటుందా సార్?" నేను "బంగారమండీ" అంటిని. లిఫ్టు తలుపులు మూయగానే ఆ కుక్క నేలకు కఱచుకొని మూత్రము విడిచినది. క్రొత్తచోటు గదా యని నేనే సమాధానము చెప్పితిని.

తొమ్మిదవ దినమున చిన్నవాడు దివాను క్రింద దాగిన కుక్కను ఆటకు రమ్మని కాలుపట్టి లాగెను. అది కఱచెను. చూపుడువ్రేలు లోతుగా తెగెను. ఆ తల్లి వివేకవతి. పదునైదు నిమిషములు కుళాయినీటి క్రింద సబ్బుతో గాయము కడిగి, పిమ్మట ఆసుపత్రికి పరుగెత్తెను. కుక్కకు టీకాలు పడినవి గనుక ప్రమాదము తక్కువయే. అయినను రేబిస్ వచ్చిన పిదప మందు లేని జబ్బగుటచే వైద్యుడు టీకాలు మొదలుపెట్టెను. మొదటిదినము, పిమ్మట మూడవ, ఏడవ, ఇరువదియెనిమిదవ దినములు. నాలుగుమాఱులు ఆ పసివాడు నా వాక్చాతుర్యమునకు మూల్యము చెల్లించెను. ఆ గృహస్థుడు కుక్కను రోడ్డుపైకి తఱుమవచ్చును, తఱుమలేదు. కారులో తెచ్చి నా గుమ్మమున దింపి, "ముందే చెప్పి ఉంటే నేను తీసుకునేవాణ్ణి కాదు గదా సార్" అని మాత్రమనెను. తిట్టియుండిన నాకు సుఖముగా నుండెడిది.

ఇప్పుడు నా వాదము చెప్పెదను. దిక్కులేని జంతువును వీథినుండి ఎత్తుట పుణ్యమని మనము పొగడుకొనుచున్నాము. ఎత్తుట సులభము, ఒక్క గడియలోని పని. దానిని మఱియొకరి చేతిలో పెట్టునపుడు మనమేమి చెప్పుచున్నామో, ఏమి దాచుచున్నామో ఎవ్వరును అడుగుట లేదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు వీధికుక్కల విషయమున ఉత్తరువు లిచ్చినపుడు, కోరినవారు కుక్కలను పెంపకమునకు తీసికొనవచ్చుననియు, తీసికొన్నవి మరల వీథిపాలు గాకుండ చూచు బాధ్యత తీసికొన్నవారిదే ననియు చెప్పినది. ఆ నెలలోనే మన నగరపాలక సంస్థవారు బంజారాహిల్సులోని జలగం వెంగళరావు ఉద్యానవనమున కుక్కపిల్లలను ఉచితముగా పెంపకమున కిచ్చు మేళా జరిపిరి. రెండును మంచివే. కాని పుచ్చుకొనువాని బాధ్యతయే పలుకబడినది. ఇచ్చువాని బాధ్యత మాటయేది? కుక్క గుణదోషములు తెలిసినవాడు ఇచ్చువాడు. తెలియక తీసికొన్నవాడు దానిని వీథిలో విడిచినచో ఆ పాపమున సగము తెలిసి దాచినవానిది కాదా?

ఇది కుక్కల గొడవ మాత్రమే యని కొందఱందురు. 2023 ఫిబ్రవరిలో మాకు దూరము కాని అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేండ్ల బాలుని చంపినవి. ఆ వార్త విన్న తల్లి కుక్కను చూచి పిల్లవానిని వెనుకకు లాగుకొనుట తప్పని నేననజాలను. అట్టి కాలమున, మంచిదని పలుకబడిన కుక్క యొకటి యింటిలోని పిల్లవానిని కఱచినచో ఆ మేడలోని నలుబది కుటుంబములకును కుక్కజాతియందే నమ్మకము పోవును. మా ఎల్.బి. నగర్ గృహస్థుని మేడలో అదియే జరిగెను. మఱుసటి సమావేశమున కుక్కలను నిషేధింపవలెనని తీర్మానము వచ్చెనట. అట్లు నిషేధించు నధికారము నివాససంఘములకు లేదని జంతుసంక్షేమ మండలివారు 2015లోనే తెలిపియున్నారు, 2021లో కేరళ హైకోర్టును ఆ మాటయే చెప్పినది. ఈ న్యాయశాస్త్రమంతయు నాకు తెలియును. కాని నా యబద్ధమువలన గాయపడిన పిల్లవాని తండ్రికి ఆ తీర్పు చదివి వినిపించుటకు నాకు నోరెట్లు వచ్చును?

"ప్రేమ చూపినచో అదే మాఱును" అని దయాళువులు చెప్పు మాట రెండవ యబద్ధము. ఇది మఱింత ప్రమాదకరమైనది. ఏలయన చెప్పువారే దీనిని నమ్ముదురు. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు ఏండ్లకొలది కుక్కపిల్లలను పరిశీలించి 1965లో ఒక గ్రంథము ప్రకటించిరి. పుట్టిన మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వఱకును కుక్కపిల్ల లోకముతో చెలిమి నేర్చుకొను కాలమనియు, ఆ కాలమున మనుష్యస్పర్శ నెఱుగని పిల్లకు పిమ్మట వెఱపు పోవుట కష్టమనియు వారు కనుగొనిరి. ఈ కుక్క ఆ వారములను ఏ గోనెసంచిలో గడపెనో, లేక తరువాత ఎవరి చేతిదెబ్బలు తినెనో నాకు తెలియదు. కాని కౌగిలించుకొనుట మనకు ప్రేమ. దానికి అది పట్టుబడుట. ఎదుట వంగి కన్నులలోనికి చూచుట మనకు చనువు; దానికి బెదిరింపు. అది పెదవులు నాకుకొనుట, నిద్ర రాకయే ఆవులించుట, మొగము త్రిప్పుకొని కంటి తెలుపు కనబఱచుట, తోక పొట్టక్రిందికి చుట్టుకొనుట, ఇవన్నియు వలదు వలదని చెప్పుటయే. ఆ విన్నపములు వినబడనపుడు మొఱుగును. మొఱుగుటకు కూడ దండించినచో, ఇక చెప్పక కఱచును. నిండు ప్రేమ గల యింట, చుట్టములు వచ్చుచు పోవుచు, పిల్లలు పరుగులిడుచుండ, అట్టి ప్రాణి ప్రతిదినము ప్రాణభయముతో నుండును. కావలసినది ప్రేమకంటె ముందు ఊరకుండుట.

భారతకథ యెట్లు మొదలగునో చదువరులెఱుగుదురు. జనమేజయుడు యాగము చేయుచుండ సరమ యను దేవశునకము కొడుకు అచ్చటికి పోయెను. హవిస్సును ముట్టలేదు, కన్నెత్తి చూడనైన లేదు. రాజు తమ్ములు దానిని కొట్టిరి. సరమ వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమని యడిగెను. వారు బదులు పలుకలేదు. అంతట నామె, నీకు కనబడని భయము కలుగునుగాక యని శపించెను. స్వర్గారోహణమున ధర్మరాజు వెంటనడచిన కుక్కను మనము సభలలో ఊరక ప్రస్తావింతుము; ఈ దెబ్బలుతిన్న కుక్కను తలంపము. ఆ తల్లి యిచ్చినది మరణశాపము కాదు, దారిద్ర్యశాపము కాదు, భయము. తన బిడ్డకు వారేమి యిచ్చిరో దానినే వారి కిచ్చెను.

"నిజము చెప్పినచో ఎవరు తీసికొందురు?" అని నా మిత్రుడొక డడిగెను. పెండ్లిళ్ల పేరయ్యలును ఇదియే యడుగుదురు. నేను రెండవమాఱు ఫోటోక్రింద నిజము వ్రాసితిని: వెఱపుగలది, ఒకమాఱు పిల్లవానిని కఱచినది, చిన్నపిల్లలున్న యింటి కీయబడదు. రెండునెలలలో పదునలుగురు విచారించిరి. ఆటోనగర్ గోదాము యజమాని కాపలాకు కావలెననెను. కాపలాదారునకే కాపలా కావలసియున్నదని చెప్పితిని. ఒక యువదంపతులు మంచివారే, కాని ఉదయము ఏడుగంటలకు ఇల్లు విడిచి రాత్రి తొమ్మిదికి చేరుదురు. ఒకాయనకు జ్యోతిష్కుడు నల్లకుక్కకు రొట్టె పెట్టుమనెనట. తెల్లదానితో పని జరుగునా యని యడిగెను! కాదనుట మొదట నాకు సిగ్గనిపించెను. యాచించువాడు ఏఱుకొనుట యేమని. కాని యాచించుచున్నది నేను, అనుభవింపవలసినది కుక్క. ఈలోగా దీపావళి వచ్చెను. ఆ మూడురాత్రులు మెట్లక్రింద దుప్పటి కప్పి, దాని ప్రక్కన నేను నేలపై కూర్చుండి పరీక్షపత్రములు దిద్దుకొంటిని.

కార్తికమున సరూర్‌నగర్ చెఱువు దగ్గఱనుండి ఒకామె వచ్చెను. ఏబది దాటినది, ఒంటరిది. క్రింది యంతస్తున రెండు గదులలో చీరలకు ఫాల్సు కుట్టి జీవించును. మిత్రులు పెదవి విఱిచిరి: దాని పోషణ కామె యొద్ద డబ్బేదని. ఆమె ఫోటో చూడలేదు, కుక్కను పిలువలేదు. "దీనికి దేనికి భయం సారూ?" అని యడిగెను. నేను జాబితా చదివితిని. కఱచిన సంగతి చెప్పగా "ఎందుకు కఱిచింది?" అనెను. పదునలుగురిలో ఒక్కరును అడుగని ప్రశ్న. కాలుపట్టి లాగినారని చెప్పితిని. "మరి కఱవదా?" అని మాత్రమనెను.

కాగితము వ్రాసికొంటిమి. నెలదినములు చూచుట, కుదరనిచో ఏ వేళనైనను నేను మారుమాటాడక వెనుకకు తీసికొనుట, వైద్యుని ఖర్చు నాది. ఈ రెండవ షరతును నేను మొదటి గృహస్థునకు ఏల చెప్పలేదని ఇప్పుడు తలంచుచున్నాను. తిరిగివచ్చు దారి తెఱచియుంచిననాడే నిజము చెప్పుటకు ధైర్యము వచ్చును. ఎట్లయిన వదలించుకొనవలెనని తలంచువాడే దాచును. ఆమె కుక్కను మిషను బల్లక్రింద విడిచి, దానికి వీపు త్రిప్పి కూర్చుండి చేతికుట్టు కుట్టుకొనెడిది. "దాని పని అది చూసుకుంటది, నా పని నేను చూసుకుంట" అని. పండ్రెండవ రాత్రి అది వచ్చి ఆమె చీరకుచ్చెళ్లపై గడ్డమానించి పండుకొన్నదట. ఆమె సూది ఆపలేదట.

మార్గశిరమున చూడబోయితిని. కుక్క బల్లక్రిందనుండి కదలలేదు. నేను నాలుకతో చప్పుడుచేసి పిలువబోగా ఆమె వలదని చేయి చూపెను. టీ త్రాగుచు అరగంట కూర్చుంటిని. అప్పటికది మెడ చాచి నా బూటును వాసన చూచి, మరల వెనుకకు పోయెను. వెడలునపుడు ఆమె, "ఈసారి చెప్పులేసుకొని రాండ్రి సారూ" అనెను.